త్రాగునీటి తొట్లలో బూజు – దాని నివారణము
(రైతులకు చేయబడిన ఉపన్యాసము)



తేమ తగిలిన వేరుసెనగకు బూజు పట్టుట రైతులెల్లరు ఎరిగినదే. ఊరగాయమీదను, తడిసిన గోడమీదను కనబడునదియు ఆ జాతియే. దీనిని శాస్త్రజ్ఞులు శిలీంధ్రమందురు. ఇది త్రాగునీటియందును ఉండగలదనియు, నీరు తేటగా నున్నంత మాత్రమున బూజు లేదని నమ్మరాదనియు తెలిసినవారు కొందరే.

బూజు బీజములు మిక్కిలి సూక్ష్మములు. అవి మట్టిలోను, కుళ్లిన ఆకులలోను, పెంటకుప్పలలోను అసంఖ్యాకముగా నుండి, గాలితో ధూళివలె తేలివచ్చి మూతలేని బావులలోను తొట్లలోను పడును. పడిన బీజములు ముఖ్యముగా పెరుగు చోటు తొట్టి గోడకును, గొట్టముల లోపలను, బిందె అడుగునను పట్టు జిగురు పొర. చేతితో తడవినచో జారునట్టి ఆ పొరలో బూజును ఇతర సూక్ష్మజీవులును కలిసి నివసించును.

బ్లీచింగు పొడి వేసిన చాలునని పలువురు తలంతురు. కలరా, టైఫాయిడు క్రిములను అది చంపును గనుక దానిని ఎన్నడును మానరాదు. కాని బూజు బీజముల పైపొర గట్టిది. జిగురు పొర వానికి కవచమగును. కావున మందు వేయుటకు ముందు తొట్టిని తోముట ముఖ్యము.

ఇట్టి నీరు త్రాగినంత మాత్రమున ఆరోగ్యవంతునకు జబ్బు కలుగుట అరుదు. నీటికి మక్కిన వాసన వచ్చుట ఒక గుర్తు. బీజములు నీటి తుంపురులతో ఊపిరితిత్తులలో చేరినచో ఉబ్బసము గలవారికి ఆయాసము హెచ్చవచ్చును. కాన్సరు చికిత్స పొందుచున్నవారికిని, మూత్రపిండము మార్పించుకొనినవారికిని ఆస్పర్జిల్లసు, ఫ్యుజేరియము అను జాతులు ప్రాణాపాయము కలిగింపగలవు. ఆసుపత్రుల నీటి గొట్టములలో సైతము ఈ జాతులు కనుగొనబడినవి. ఇంట అట్టి రోగి యున్నచో వైద్యుని సలహా ననుసరించి, సలసల క్రాగిన పిదప 5 నిమిషములుంచి చల్లార్చిన నీటినే ఈయవలెను.

కొన్ని బూజులు విషమును పుట్టించును. 1974 లో గుజరాతులోని పంచమహల్ జిల్లాలోను, రాజస్థానములోని బాంస్వాడా జిల్లాలోను బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయవ్యాధికి లోనుకాగా 106 మంది మరణించిరి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు దీనిని పరిశోధించిరి. నీటిలో ఈ విషము పలుచబడి స్వల్పముగా నుండును. కాబట్టి నీటి తొట్టిని శుభ్రపరచు రైతు తన గాదెను కూడ పరీక్షించుకొనవలెను.

ఇక చేయవలసిన పనులు.

బావి: చుట్టును గోడ, పైన కప్పు, నీరు నిలువకుండ కాలువ ఉండవలెను. పెంటకుప్ప 15 మీటర్లకంటె దగ్గర ఉండరాదు.

బ్లీచింగు పొడి: 1000 లీటర్ల నీటికి మంచి పొడి 2.5 గ్రాములు వలయును. 3 మీటర్ల అడ్డుకొలత, 4 మీటర్ల నీటిలోతు గల గుండ్రని బావిలో సుమారు 28,000 లీటర్లుండును. దానికి 70 గ్రాములు చాలును. పొడిని బకెట్టులో ముద్దగా కలిపి, పిదప నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన తరువాత పైతేట మాత్రము బావిలో కలుపవలెను. రాత్రి నీరు తోడుట ముగిసిన పిమ్మట ఈ పని చేయుట మేలు. ఒక గంట గడువక నీరు తోడరాదు.

తొట్టి: మూడు నెలలకొకమారు పూర్తిగా ఖాళీచేసి, జిగురు పొర పోవువరకు కొబ్బరిపీచుతో తోమి, బ్లీచింగు నీటితో కడిగి, మంచినీటితో రెండుమార్లు తొలిచి, ఒక పూట ఆరనిచ్చి, వెలుతురు చొరకుండ మూత బిగింపవలెను.

బిందెలు, కుండలు: ప్రతిదినము తోమవలెను. చేయి ముంచక గరిటెతో నీరు తీయవలెను.

ఈ పనులకు కావలసినది గుప్పెడు పొడియు, ఒక పూట శ్రమయు మాత్రమే. ధాన్యము పోయుటకు ముందు గాదెను అలికి శుభ్రపరచు రైతు, కుటుంబమంతయు త్రాగు నీటి తొట్టిని మరచుట తగదు.