పాత యింటికి వసారా - గోడకు చెమ్మ



పంట యింటికి చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడేటప్పుడు పాత యింటి ముందు వసారా దింపుదామని చాలామందికి తోస్తుంది. మంచి ఆలోచనే. అయితే వసారా వేసిన రెండేళ్లకే నడింటి గోడ చెమ్మెక్కి, గోడకు ఆనించిన గాదెలో విత్తనం ముక్కిపోవడం మా బంధువుల యింటనే చూశాను. తప్పు వానది కాదు, వసారా నేలది.

మన పాత యిండ్లలో చాలావాటికి అడుగున రాతికట్టు, దానిపైన మట్టిగోడ వుంటాయి. రెంటి నడుమ చెమ్మను ఆపే పొర వుండదు. అయినా గోడ నిలవడానికి కారణం, ఎక్కిన తడి బయటి గాలికి ఆరిపోవడమే. గడప దాటడం తేలికని వసారా నేలను యింటి నేలకు సమంగా ఎత్తితే, నింపిన మట్టి రాతికట్టును దాటి మట్టిగోడను తాకుతుంది. ఇక ఆ గోడ ఆరదు.

కాబట్టి వసారా నేల రాతికట్టు పై అంచుకు 6 అంగుళాలైనా దిగువన వుండాలి. ఒక మెట్టు దిగవలసి వస్తుంది, దిగండి. ముసలివారుంటే మెట్టు వెడల్పుగా కట్టించండి. అడుగున నల్లరేగడి పోయవద్దు. అది నీటిని పట్టి వుంచుతుంది. కంకర, ముతక యిసుక పోసి దిమ్మిసతో గట్టిపరచండి. గచ్చుకు 8 అడుగుల వెడల్పుకు 2 అంగుళాల చొప్పున బయటికి వాటం యివ్వండి. మేస్త్రీకి చివరి కూలి యివ్వక ముందే గోడ దగ్గర బిందెడు నీళ్లు పోసి చూడండి!

కొత్త పునాదిని పాతదానితో కలిపి కట్టవద్దు. కొత్తది కొంత కుంగుతుంది; అతుకు వద్ద బీట పడి నీరు దిగుతుంది. కొత్త కప్పును పాత చూరు కిందికి జానెడైనా జొనిపితే పై నీళ్లు దానిమీద పడి జారిపోతాయి.

గోడ యిప్పటికే పొక్కివుంటే సిమెంటు పూయించవద్దు. తడి లోపలే చిక్కి యింకా పైకి ఎక్కుతుంది. సున్నపు పూత చాలు. ఇదివరకే నేల ఎత్తుగా వేసినవారు గోడ వెంట జానెడు వెడల్పున గచ్చు పగలగొట్టి, రాతికట్టు బయటపడేవరకు మట్టిని తోడించండి. ఈ పని నడివేసవిలో, నాలుగేసి అడుగుల చొప్పున చేయించండి. వానల్లో మాత్రం పెట్టుకోవద్దు. నానిన గోడ పక్కన తవ్వితే అది తవ్వేవాని మీదనే పడుతుంది.