ఎండపెట్టెలో వంట

ఈ పూట నేను మాటలాడబోవునది ఎండతో అన్నము వండుకొనుటను గూర్చి. ఇది వినగానే మీలో కొందరు నవ్వుకొందురని నేనెరుగుదును. వడియములు, అప్పడములు, మామిడి ఒరుగులు ఎండబెట్టుట మన యాడువారికి తరతరములుగా తెలిసిన పనియే. అయితే ఎండబెట్టుట వేరు, ఉడుకబెట్టుట వేరు. మే నెల యెండ వీపుమీద చురుక్కుమనును గాని, ఆరుబయట పెట్టిన చెంబెడు నీటిని మరగింపజాలదు. వేడి లేక కాదు. వచ్చిన వేడి వచ్చినట్లే గాలిలో కలిసిపోవుచుండుట చేత. దానిని పోనీయక ఒకచోట కట్టివేయుటయే యిందలి కిటుకంతయు.

నేను చెప్పునది చదివి తెలిసికొన్నది కొంత, చేయి కాల్చుకొని నేర్చినది కొంత. అనంతపురము జిల్లాలో, ఊరికి రెండు మైళ్ల యెడమున మాకొక తోపు కలదు. వానకు బ్రదుకు మామిడిచెట్లు కొన్ని, చింతచెట్లు కొన్ని. బిడ్డలు ఉద్యోగములకై పట్నములకు పోయిన పిదప నేనును నా భార్యయు ఆ తోపులోనే కొట్టము వేసికొని కాపురము పెట్టితిమి. కరెంటు స్తంభములు ఊరిచివరి గుడికడనే నిలిచిపోయినవి. దీపములకై కొట్టముమీద ఒక చిన్న సౌరఫలకమును పెట్టించితిమి. అది రెండు బల్బులను వెలిగించును, సెల్ ఫోనునకు ప్రాణము పోయును. అన్నము వండుట మాత్రము దానివలన కాదు. కరెంటు పొయ్యి యొక్కటి నడువవలెనన్న పదునైదువందలు మొదలు రెండువేల వాట్ల వరకు కావలయును. మా ఫలకము నూరు వాట్లది.

గ్యాసుబండ లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును మొదలుపెట్టిన నాటినుండి అది ఎన్నో పేదయిండ్లకును చేరినది. కాని బండ అయిపోయిన నాడు మరియొక బండ ఊరిలోనికి వచ్చుట, దానిని నేను సైకిలుమీద తోపునకు చేర్చుట, ఈ నడుమ పది దినములు, వానకు దారి కోసికొనిపోయినచో పదునైదు దినములు గడచును. ఆ దినములలో కంపయే దిక్కు. బండను పొదుపు చేయవలెనని తక్కిన దినములలో గూడ ఆమె కంపతోనే వండెడిది. నాకు కనబడలేదు. వేళకు కంచములో అన్నము కనబడినవానికి పొయ్యిలోని పొగ కనబడదు గదా!

ఒకసారి ఆమెకు దగ్గు ఎంతకును తగ్గక పట్టణములోని వైద్యునికడకు తీసికొనిపోతిని. ఆయన పరీక్షించి, "ఈమెకు చుట్ట త్రాగు అలవాటు కలదా?" అని నన్నడిగెను. నేను తలవంచుకొంటిని. ఇది మా యింటి కథ మాత్రమే కాదు. ఇండ్లలోని పొయ్యిపొగవలన ప్రపంచమున 2020వ సంవత్సరములో సుమారు 32 లక్షలమంది చనిపోయిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది.

అప్పుడు నేనీ పెట్టె చేయుటకు పూనుకొంటిని. నిజమునకు ఈ విద్య క్రొత్తది కాదు. 1767లో స్విట్జర్లాండు దేశస్థుడైన సొస్యూరు అను పండితుడు గాజుపెట్టెలను ఒకదానిలో నొకటి యమర్చి యెండలో నుంచి, లోపల పండ్లను ఉడికించెను. పిమ్మట ఆయన చేసిన మేలైన పెట్టెలో వేడి సుమారు 110 డిగ్రీల సెంటిగ్రేడువరకు పెరిగెను. నీరు మరుగుటకు 100 డిగ్రీలు చాలునని మీకు తెలియును. 1830ల నడుమ ఖగోళశాస్త్రజ్ఞుడగు జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికాలో నుండగా ఇట్టి పెట్టెలోనే గ్రుడ్లను, మాంసమును వండించెను. మన దేశములో బొంబాయి నగరమున విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయోద్యోగి చుట్టును అద్దములు పెట్టిన యెండపొయ్యి నొకటి చేసి, ఏడుగురు సిపాయిల భోజనమును జనవరి మాసపుటెండలో రెండు గంటలలో వండించితినని 1878లో ప్రకటించెను.

ఇంత పాత విద్య మన పల్లెలకు ఏల రాలేదు? 1950 తరువాతి దశకములో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు పుటాకారపు అద్దముతో ఒక యెండపొయ్యిని చేసి ప్రజలముందు పెట్టిరి. అది సాగలేదు. వెల యెక్కువ యని కొందరందురు. నేను వేరొక కారణము గూడ చెప్పుదును. మన యిండ్లలో వంట జరుగునది తెల్లవారుజామున, ప్రొద్దుగ్రుంకిన తరువాత, అదియు ఇంటిలోపల. ఎండపొయ్యి నడుచునది మిట్టమధ్యాహ్నము, బయట. వండెడివారిని ఒక్కమాట అడిగియున్నచో ఆ సంగతి అప్పుడే తెలిసియుండెడిది.

ఇతరులను అనుట సులువు. నేను చేసినదియు అదే. నెల దినములు శ్రమపడి పెట్టెను చేసితిని. పాత చెక్కలతో రెండడుగుల చదరపు పెట్టె. దానిలోపల అడుగున్నర చదరపు రేకుపెట్టె. రెంటి నడుమ మూడంగుళముల సందు. ఆ సందున వేడి బయటికి పోకుండ ఎండిన వేరుసెనగ పొట్టును కూరితిని. లోని రేకునకు మెరుపులేని నల్లరంగు వేసితిని. పైన రెండు గాజుపలకలను వాని నడుమ అరంగుళము సందుంచి బిగించితిని. మూతకు లోపలివైపున నిలువుటద్దము నంటించితిని. ఉదయమున ఎండలో పెట్టి, నా భార్యను పిలిచి చూపితిని. ఆమె తన అన్నపుగిన్నెను తెచ్చి పెట్టెలో దించబోయెను. గిన్నె యెత్తు ఏడంగుళములు. పెట్టె లోతు అయిదంగుళములు.

"ఏ గిన్నెను చూచి కొలత తీసినారు?" అని మాత్రము అడిగి లోపలికి పోయెను.

నేను పట్టుదలకు పోయి బజారునుండి పొట్టిగిన్నెను తెచ్చి నేనే అన్నము పెట్టితిని. అన్నము ఉడికినది గాని నోట బెట్టిన రంగువాసన. క్రొత్తరంగు వేసినప్పుడు వట్టిపెట్టెను రెండు మూడు దినములు ఎండలో కాగనిచ్చి, ఆ వాసన పూర్తిగా పోయిన తరువాతనే వండవలయునని నాకప్పుడు తెలియదు. ఆ వారములోనే ఎలుకలు దూరి, పొట్టులో మిగిలిన గింజలకై చెక్కను కొరికి పోగుపెట్టినవి. వేరుసెనగ పొట్టును తీసివేసి మిల్లునుండి వరిఊక తెచ్చి నింపితిని. వేడిగాజుమీద చన్నీళ్లు చిలికి ఒక పలకను పగులగొట్టుకొన్నది గూడ నేనే. నెలదినములు ఆ పెట్టె చింతచెట్టు క్రింద పడియుండెను.

దానిని లేపినది ఆమెయే. ఒకనాడు కంప తడిసి పొయ్యి అంటుకొనలేదు, బండయు నిండుకొన్నది. అంతలో మబ్బు విడిచి ఎండ కాసెను. ఆమె కందిపప్పును కడిగి, పొట్టిగిన్నెలో పోసి, నీళ్లుపోసి మూతపెట్టి పెట్టెలో నుంచి, తాను కలుపు తీయబోయెను. మూడు గంటలు గడచిన తరువాత వచ్చి చూడగా పప్పు వెన్నవలె మెదిగినది. కలియబెట్టలేదు, ఊదలేదు, అడుగంటలేదు. ఆ సాయంకాలము ఆమె నాతో, "గిన్నె పట్టునట్లు ఇంకొక పెట్టె చేయండి," అనెను. ఈసారి గిన్నె నెదుట పెట్టుకొని కొలత తీసితిని: గిన్నె యెత్తుకంటె ఒక యంగుళము లోతు ఎక్కువ.

ఇక వాడుకను గూర్చి. మధ్యాహ్నపు మంచి యెండలో ఒక చదరపు మీటరు నేలమీద పడు వేడి సుమారు 1000 వాట్లు. మా పెట్టె గాజు దానిలో అయిదవవంతు మాత్రమే. అద్దము మరికొంత యెండను లోపలికి మళ్లించును. ఎండ గాజులోనుండి పోయి నల్లరేకుమీద వేడిగా మారును. ఆ వేడి గాజులోనుండి తిరిగి సులభముగా పోజాలదు. ఇది చిన్నమంట, నిలుకడగల మంట. కావున తొందరగలవానికి పనికిరాదు. తొమ్మిదిన్నరకు పెట్టెను వట్టిదిగా ఎండలో పెట్టి, పదింటికి గిన్నెలు దింపినచో పండ్రెండున్నరకు బియ్యము ఉడుకును. పప్పునకు మరియొక అరగంట. ఉర్లగడ్డలకు, చిలగడదుంపలకు రెండు గంటలు. వేరుసెనగ గింజలు మాడకుండ వేగును. నీరు ఆవిరియై పోవుట తక్కువ గనుక పొయ్యిమీద పోసినన్ని పోయనక్కరలేదు. గిన్నెలు పలుచనివిగా, వెడల్పుగా, వెలుపల నల్లనివిగా నుండవలయును. తళతళలాడు స్టీలుగిన్నె ఎండను వెనుకకు త్రిప్పివేయును. మన యాడువారు గిన్నె మసిని తోముటకు పడు శ్రమను ఇచట మాత్రము మానుకొనవచ్చును. మూతను మాటిమాటికి తెరువరాదు. తెరిచినప్పుడెల్ల చేరిన వేడి పోవును.

అద్దమును నిలుపుట యొక చిన్న లెక్క. మార్గశిర పుష్యములలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణముగా వాలియుండును. అప్పుడు పెట్టెను దక్షిణముఖముగా పెట్టి అద్దమును ఇంచుమించు నిటారుగా నిలుపవలయును. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చును గనుక అద్దమును వెనుకకు వాల్చవలయును. వెలుగు గాజుమీద పడుచున్నదో లేదో చూచుకొనిన చాలును. అరగంట కొకసారి సూర్యునివైపు పెట్టెను కొంచెము త్రిప్పవలయును. అద్దములోనికి తేరిపార చూడరాదు, పిల్లలను చూడనీయరాదు, కండ్లకు హాని. గిన్నె దింపునప్పుడు పాతగుడ్డ పట్టుకొనవలయును. ఎండపెట్టె గదా యని వట్టిచేతితో పట్టి నేను బొబ్బలు తెచ్చుకొంటిని.

ఇది చేయలేని పనులను గూడ చెప్పవలయును. పోపు వేగదు. రొట్టె కాలదు. మా సీమవారికి ముఖ్యమైన రాగిసంగటి దీనిలో కుదురదు. ఆ పిండిని మంటమీద తెడ్డుతో కెలుకవలసినదే. మేము సంగటికి, పోపునకు మాత్రము గ్యాసు వెలిగింతుము. వానకాలమున మబ్బుపట్టిన దినములలో పెట్టె మూసియే యుండును. సగము ఉడికినప్పుడు మబ్బు కమ్మినచో ఆ గిన్నెను గోరువెచ్చగా పెట్టెలోనే వదలరాదు; అది చెడిపోయి విషమగును. వెంటనే పొయ్యిమీద పెట్టి పూర్తిగా ఉడికింపవలయును.

రాత్రి భోజనపు చిక్కు మిగిలెను. దానిని గూడ ఆమెయే తీర్చినది. నాలుగింటికి అన్నపుగిన్నెను బయటికి తీసి, మూతతోనే పాతగొంగళిలో చుట్టి, ఊక పోసిన గంపలో పాతి, పైన గోనెసంచి కప్పును. ప్రొద్దుగ్రుంకి ఏడింటికి తీసినచో చేయి పెట్టలేనంత వేడి. ఢిల్లీలోని శాస్త్రజ్ఞులకు తట్టనిదో, తట్టియు చెప్పనిదో నేనెరుగను.

పెద్దయెత్తున గూడ ఈ పని మన చెంత జరిగినది. 2002లో తిరుమలలో దేవస్థానమువారు కొండమీద పెద్ద పెద్ద అద్దపుపళ్లెములను వరుసగా నిలిపి, ఎండతో నీటిని ఆవిరిచేసి, ఆ యావిరితో దినమునకు 15,000 మందికి వండు యేర్పాటు చేసిరి. అది వేరు శక్తి, వేరు ఖర్చు. మన కొట్టమునకు రెండడుగుల పెట్టె చాలును.

ఇప్పుడు మా యింట గ్యాసుబండ మునుపటికంటె రెండింతల కాలము వచ్చుచున్నది. కంపపొయ్యి ఆరిపోలేదు, శ్రావణ భాద్రపదములలో ఇంకను మండుచునే యున్నది, ఆ నెలలలో ఆమె దగ్గు తిరిగి వినబడుచునే యున్నది. అందులకై పొయ్యికి ఒక పొగగొట్టము కట్టించుచున్నాను. దాని యెత్తు ఎంత యుండవలయునో ఈసారి ముందుగా ఆమెనే అడిగితిని. చూరుకంటె మూరెడు పైకి ఉండవలెనని చెప్పినది. ఇటుకలు వచ్చే సోమవారము వచ్చును.