ఒక రైతు – ఐదు వాహనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ ఉత్సవమున మోటారు సైకిళ్లను గూర్చిన ప్రసంగమేల యని కొందఱకు సందేహము కలుగవచ్చును. భారతము చదివినవారికి ఆ సందేహముండదు. అందు రథములేని కథ అరుదు. రథమును గూర్చిన కథలన్నియు నిజమునకు సారథిని గూర్చిన కథలే. బాహుకుడను పేర మఱుగుపడియున్న నలుడు ఋతుపర్ణుని రథము తోలుచుండగా రాజుగారి ఉత్తరీయము జారి నేలబడెను. దానిని తెప్పింపుమని రాజు చెప్పునంతలో రథము యోజన దూరము దాటిపోయినదట. అంతటి వేగమునందును వెనుక కూర్చున్న రాజునకు ఏ హానియు కలుగలేదు. ఏలయన నలునకు అశ్వహృదయము తెలియును. వేగము మాత్రమే తెలిసినవాడు పగ్గములు పట్టియున్నచో ఆ కథ వేఱొక విధముగా ముగిసియుండెడిది.

కరణము లెక్కలలో చిట్టాయు, అడంగలును చూచినచో గ్రామపు పంటయు, పన్నును తెలియునట్లు, ఒక కుటుంబము కొన్న వాహనములను వరుసగా వ్రాసికొన్నచో ఆ కుటుంబపు కలిమిలేములు తెలియును. ఉయ్యూరు ప్రాంతమున 1950లో జన్మించిన ఒక రైతు చిట్టా ఇందుకు చక్కని ఉదాహరణము. తన పేరు చెప్పుటకు ఆయన ఒప్పుకొనలేదు. కథ చెప్పుటకు మాత్రము సమ్మతించెను.

ఆయన బాల్యమున డెల్టాలో బరువులకు, ప్రయాణములకు కాలువయే ముఖ్యమార్గము. 1855 నాటికి విజయవాడవద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైనది మొదలు ఏలూరు, బందరు, రైవసు కాలువలు పొలములకు నీటిని, ఊళ్లకు పడవలను తెచ్చుచుండెను. 1935లో పాతూరి నాగభూషణముగారు నడపిన బోటు గ్రంథాలయము కూడ కాలువ నీటిమీదనే పాఠకుల ముంగిటికి వచ్చెను. కాలువగట్లే చాల ఊళ్లకు రోడ్లు. వేసవిలో మోకాలిబంటి దుమ్ము. వానకాలమున రేగడి బురద చక్రములకు చుట్టుకొని, మనిషిని మోయవలసిన సైకిలును మనిషియే భుజమున మోయవలసివచ్చెడిది.

1952లో పాత ఆనకట్టకు గండిపడెను. క్రొత్తగా కట్టిన బ్యారేజిని 1957 డిసెంబరు 24వ తేదీన ప్రారంభించి, ఆ సంవత్సరముననే కీర్తిశేషులైన ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టిరి. దానిపై రోడ్డు ఉండుటచే మోటారు వాహనములు కృష్ణను దాటి గుంటూరు వైపునకు పోవుట సులభమైనది. ఇంచుమించుగ ఆ కాలముననే మోటారు సైకిళ్లు కూడ స్వదేశమున తయారుకాసాగెను. 1955లో మద్రాసు చెంత తిరువొత్తియూరున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ బుల్లెట్టును చేపట్టెను. 1960-61 సంవత్సరములలో జెకోస్లొవేకియా సంస్థ సహకారమున మైసూరులో జావా కర్మాగారము వెలసెను. పిదప ఎస్కార్ట్సు సంస్థ పోలెండు దేశపు నమూనాననుసరించి రాజదూత్‌ను తెచ్చెను. ఆంగ్లము, చెక్కు, పోలిషు భాషల నాడుకొను దేశములనుండి వచ్చిన ఈ మూడు యంత్రములును రేగడి బురదలో తెలుగు నేర్చినవి.

మొదటి వాహనము. 1968లో చెఱకు సొమ్ము చేతికందినప్పుడు, పదునెనిమిదేండ్ల కుమారునకు తండ్రి ఒక పాత జావా కొనిపెట్టెను. అది 250 సి.సి. బండి, ఇరుప్రక్కల రెండు పొగగొట్టములు. దానిని కదలించు కిక్కు కడ్డీయే వెనుకకు మడిచి ముందునకు త్రిప్పినచో గేరు కడ్డీయగును. పెట్రోలుతో పాటు నూనె కొలిచి కలిపి పోయవలెను. నూనె తగ్గినచో పిస్టను పట్టివేయును. హెచ్చినచో ప్లగ్గు మసిబారి బండి నడిత్రోవన నిలుచును. ఈ మర్మములన్నియు బండితో వచ్చిన చిన్నపుస్తకమున నుండెను గాని ఆ పుస్తకము ఆంగ్లము. ఆ యువకుడు పొరుగూరి గ్రంథాలయమునకు పోయి, శంకరనారాయణ నిఘంటువు ముందు పెట్టుకొని, మాటకు మాట అర్థము చూచి, పుటల అంచులందు పెన్సిలుతో తెలుగున వ్రాసికొనెను. నెలదినములలో ఆయనకు యంత్రహృదయము కొంత అవగతమైనది.

ఆ చదువు ఊరకపోలేదు. 1970 వానకాలమున ఒక రాత్రి నీళ్లు కట్టుటకు పోయిన పాలేరును పాము కఱచెను. బస్సు లేదు, ఎడ్లబండి చేరునప్పటికి తెల్లవాఱును. యువకుడు పాలేరును వెనుక కూర్చుండబెట్టి, అతడు తూలి పడకుండునట్లు కండువాతో తన నడుమునకు కట్టుకొని, సుమారు 30 కిలోమీటర్ల దూరమునగల విజయవాడ పెద్దాసుపత్రికి బయలుదేఱెను. వేగిరపడుమని ప్రాణము చెప్పుచుండెను. వేగిరపడవలదని గట్టుమీది బురద చెప్పుచుండెను. ఆయన రెంటి మాటయు విని, బురదలో మెల్లగను, బందరు రోడ్డెక్కిన పిదప వడిగను నడపెను. పాలేరు బ్రదికెను. అంతవఱకు మోటారు సైకిలును పిల్లవాని వేడుకగా ఎంచిన ఊరు నాటినుండి దానిని ఊరి అవసరముగా ఎంచినది.

రెండవది రాజదూత్. 1973లో ప్రపంచమున చమురు ధర పెరిగినది. ఆ సంవత్సరముననే మైసూరు బండి పేరు జావా పోయి యెజ్ది అయినది. అప్పటికి ఆయనకు వివాహమై, వ్యవసాయభారము మీదబడియుండెను. 1976లో జావాను అమ్మి 175 సి.సి. రాజదూత్‌ను కొనెను. అది అందగత్తె కాదు, కష్టజీవి. పాలక్యానులు, యూరియా బస్తాలు, విత్తనపు మూటలు, గేదెకు మందుతో వచ్చు పశువైద్యుడు — అన్నింటికిని దాని వీపు చాలినది.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెను. వేలకొలది జనులు కడతేఱిరి. దారి తెఱపి యియ్యగానే చుట్టుప్రక్కల ఊళ్ల యువకులు కొందఱు సైకిళ్లపైనను, మోటారు సైకిళ్లపైనను బియ్యము, అటుకులు, అగ్గిపెట్టెలు, పాతబట్టలు కట్టుకొని పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డకు పోయిరి. వారిలో ఈ రైతు ఒకడు. లారీ పోలేని చోటికి రాజదూత్ పోయినది. అదియు పోలేని చోటికి మూట నెత్తినబెట్టుకొని నడచిరి. తిరుగుప్రయాణములలో వెనుక సీటు ఒకమారైన ఖాళీగా రాలేదు. ఇల్లు పోయి, బంధువుల ఊరు చేరగోరిన ముసలివారిని, పిల్లలను ఆ బండ్లే మోసెను. అట్లు వచ్చిన ఒక వృద్ధురాలు త్రోవపొడవునను ఆయన భుజము విడువలేదనియు, ఒక్క మాటయైన పలుకలేదనియు ఆయన ఇప్పటికిని చెప్పుచుండును.

మూడవది బుల్లెట్టు. 1984లో వచ్చినది. ఈ బండి చరిత్ర విచిత్రము. దాని పుట్టినిల్లయిన ఇంగ్లండులోని రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడెను. కొలది ఏండ్లకే అచ్చటి సంస్థయు అంతరించెను. తిరువొత్తియూరులో మాత్రము బుల్లెట్టు తయారగుచునేయుండి, 1977 నుండి బ్రిటనుకే ఎగుమతి కాసాగినది. దానిని కదలించుట ఒక విద్య. ముందు కిక్కు మెల్లగా నొక్కి, అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చుటను చూచి, డీకంప్రెసరు మీట పట్టి పిస్టనును సర్దుకొని, పిమ్మట మనసార ఒక్క తాపు తన్నవలెను. క్రమము తప్పినచో కడ్డీ తిరుగబడి చీలమండను కొట్టును. దాని గుండెచప్పుడు రెండు ఫర్లాంగుల దూరమునకు వినవచ్చెడిది. ఆ చప్పుడు వినగనే ఇంట అన్నము వడ్డించెడివారు. 1960వ దశకమున ఏర్పడిన విజయవాడ ఆటోనగరులో ఆయనకు తెలియని మేస్త్రీ లేడు.

ఆ బండితో గౌరవము వచ్చినది. గౌరవముతో ఏమఱుపాటును వచ్చినది. తాళపుచెవి వసారాలో మేకునకు వ్రేలాడుచుండెడిది. 1992లో కుప్పనూర్పుల కాలమున, పదునాఱేండ్ల కుమారుడు ఎవరికిని చెప్పక తాళము తీసి, ఈడువాడైన కూలివాని కుమారుని వెనుక నెక్కించుకొని, రెండవ ఆట సినిమాకు పోయి వచ్చుచుండెను. ఊరి మలుపున తారురోడ్డుమీద ధాన్యము ఆరబోసియుండిరి. రాశి చుట్టు రాళ్లు, దీపము లేదు. బండి రాళ్లపై కెక్కి పడెను. నడపినవానికి గీరుకుపోయిన గాయములే. వెనుకవానికి మోకాలి క్రింద కాలు తీసివేయవలసివచ్చెను.

ఆ ధాన్యము ఆ రైతుదే. ఆ రాళ్లు పెట్టించినది ఆయనయే. తాళమును మేకునకు తగిలించినదియు ఆయనయే. పెద్దమనుష్యులు కూర్చుండకమునుపే ఆయన అరయెకరము పొలమును, బుల్లెట్టును అమ్మి వైద్యమునకు వెచ్చించెను. ఏడాదికి పైగా పొలమునకు కాలినడకనే పోయెను. ఎవరైన ఆ మాట యెత్తినచో, “బండిమీద ఇద్దఱుండిరి, నడపినది ఒకడే” అని మాత్రము అనెడివాడు.

నాల్గవది హీరో హోండా. ఆ సంస్థ 1984లో ఏర్పడి, 1985లో నూఱు సి.సి. తరగతి నాలుగు స్ట్రోకుల బండిని విపణికి తెచ్చెను. నూనె కలుపు పని లేదు, చప్పుడు తక్కువ, లీటరు పెట్రోలుకు పూర్వపు బండ్లకంటె ఎంతో హెచ్చు దూరము నడచును. దానిముందు పాత బండ్లు నిలువలేకపోయెను. 1996లో మైసూరు కర్మాగారము మూతపడెను. కుఱ్ఱకారు మనసు దోచిన యమహా ఆర్‌ఎక్సు నూఱు తయారీయు ఆ యేటనే నిలిచెను. పొగ నియమములు కఠినమైనకొలది రెండు స్ట్రోకుల బండ్లు రోడ్లనుండి తొలగినవి.

ఈ బండిని ఆయన 1994లో వాయిదాల పద్ధతిని కొనినది తనకొఱకు కాదు. కాలు పోగొట్టుకొన్న కుఱ్ఱవాడు చదువు మానియుండెను. ఆయన అతనిని ప్రతిదినము ఉదయము వెనుక కూర్చుండబెట్టుకొని ఉయ్యూరు తీసికొనిపోయి, టైపు నేర్పుచోట దింపి, మధ్యాహ్నము మరల తెచ్చుచుండెను. రెండేండ్లు ఇట్లు సాగినది. మొదటి కొన్ని నెలలు ఇరువురకును మాటలు లేవు. పిదప ఒకనాడు కుఱ్ఱవాడే గతుకు రాకముందు “నెమ్మది, బాబాయిగారూ” అనెనట. తరువాత అతడు ఉద్యోగము సంపాదించెను. నేడు అతని పిల్లలు ఈ గ్రంథాలయమున చందాదారులు.

ఐదవ వాహనము ఆయన పేర లేదు. 2022లో మనుమరాలు కళాశాలకు పోవుటకై కొన్న విద్యుత్తు స్కూటరు అది. పెట్రోలు లేదు, గేరు లేదు, కిక్కు లేదు. రాత్రి ఇంటనే కరెంటు పెట్టినచో ఉదయమునకు సిద్ధము. దానితోపాటు ఆమె కొన్నవి రెండు హెల్మెట్లు. ఐదు దశాబ్దములు ముందు కూర్చున్న ఆయన ఇపుడు వెనుక కూర్చుండుచున్నాడు. తాతగారు హెల్మెటు పెట్టి పట్టీ బిగించువఱకు ఆమె బండి కదల్పదు. పొలము ఇంత దగ్గఱకు ఏల యని ఆయన అనినచో, 1992 నాటి మలుపు ఇంకను దగ్గఱ యని ఆమె ఉత్తరము.

చట్టమును ఈ సందర్భమున స్మరింపదగును. గేరు బండి నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండి లైసెన్సు పొందియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము వెనుక కూర్చున్న వయోజనునికిని హెల్మెటు విధించినది. 2019లో సవరించిన చట్టము ప్రకారము మైనరు బండి నడపి నేరము చేసినచో వాని సంరక్షకునకు మూడేండ్ల వఱకు కారాగారమును, 25,000 రూపాయల జుల్మానాయు కలుగవచ్చును. అనగా మేకునకు తగిలించిన తాళపుచెవికి తండ్రియే బాధ్యుడు. నూర్పుల కాలమున రోడ్డుమీద ధాన్యము పోయు రైతు కూడ, ఆ రాశి చెంత రాత్రి ఏ తల్లి బిడ్డ పోవునోయని ఒక్కమారు తలచుట మేలు.

గ్రామమున నేడు బండిలేని ఇల్లు అరుదు. యువకులకు వాని వేగము తెలియును, ధర తెలియును, వాయిదా తేదీ తెలియును. తెలిసికొనవలసినది మఱొకటి కలదు. పాముకాటు తిన్న పాలేరు, ఉప్పెనలో మిగిలిన వృద్ధురాలు, కాలు కోల్పోయిన కుఱ్ఱవాడు — ఆ రైతు చిట్టాలో వాహనముల పేళ్లకంటె ముఖ్యమైన పద్దులు ఇవి. పగ్గము ఒకరి చేతనుండును. ప్రాణములు మాత్రము ఇద్దఱివి.

ఆయన తన జావా, రాజదూత్, బుల్లెట్టు పుస్తకములను మూడింటిని ఈ గ్రంథాలయమునకు ఇచ్చియున్నాడు. జావా పుస్తకపు అంచులందలి పెన్సిలు వ్రాత ఇంకను చెఱగలేదు. క్రొత్తగా బండి కొన్న యువకులు ఒక్క సాయంకాలము వచ్చి, ఒక యంత్రమును ఒకడు ఎంత శ్రద్ధతో చదివెనో చూడవలసినదిగా ప్రార్థన. గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఈ ఊరి ప్రతి వాహనమును, దానిపై బయలుదేఱిన ఇరువురను క్షేమముగా ఇల్లు చేర్చుచుండుగాక!