సముద్రం దాటే చదువుకు జామీను ఎవరు?

(లాలాగూడ బస్తీలో అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మాకిచ్చిన అంశం విదేశీ చదువు. ఇంటర్నేషనల్ బిజినెస్ మేనేజిమెంట్, అంటే దేశాల నడుమ జరిగే వ్యాపారాన్ని నడిపే విద్య. దాంట్లో పీజీ చేస్తామని మన పిల్లలు చాలామంది అంటున్నరు. దీని మీద ప్రసంగం అనగానే కొందరు "కూలికి పోయేటోళ్ల సభల లండన్ ముచ్చటేంది?" అన్నరు. ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.

విదేశం మన వాడకు కొత్త కాదు. 1860లో మద్రాసు నుంచి నేటాల్ చెరుకు తోటలకు కూలీలను మోసుకుపోయిన ఓడలో తెలుగోళ్లున్నరు. మారిషస్ పోయినోళ్లు, బర్మా పోయినోళ్లు, మలయా రబ్బరు తోటలకు పోయినోళ్లు ఎవరు? భూమి లేనోళ్లు, అప్పు తీరనోళ్లు. తర్వాత కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయినోళ్లు ఎవరు? వాళ్లూ మనోళ్లే. మట్టి మోయడానికి సముద్రం దాటితే ఎవ్వరూ నవ్వలే. పుస్తకం పట్టుకొని దాటుతమంటేనే నవ్వొస్తున్నది.

వ్యాపారం కూడా మనకు కొత్త కాదు. మన తోలు మనకంటే ముందే లండన్ పోయింది. ఊరి బయట లందల కాడ, మద్రాసు పక్క తోలు కార్ఖానాలల్ల, తంగేడు చెక్క నీళ్లల్ల నానబెట్టి పదును చేసిన తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు అంగళ్లకు చేరినయి. ఈస్టిండియా కిప్స్ అని ఆ తోలుకు అక్కడ పేరు. కంపు మన చేతులకంటింది, లాభం ఎగుమతిదారు పెట్టెలకు పోయింది. ఎందుకు? ధర ఎక్కడ తేలుతదో మనకు తెల్వదు. ఓడ కాగితం ఎట్ల రాస్తరో తెల్వదు. లండన్‌ల పౌను విలువ మారితే ఊళ్ల తోలు ధర ఎందుకు పడుతదో తెల్వదు. ఆ తెల్వని మూడు సంగతులనే ఇయ్యాల యూనివర్సిటీలు ఇంటర్నేషనల్ బిజినెస్ మేనేజిమెంట్ అని పేరుపెట్టి చెప్తున్నయి. లెటర్ ఆఫ్ క్రెడిట్, సుంకాలు, మారకం రేటు, సరుకు రవాణా, కంపెనీల ఒప్పందాలు – ఇదే ఆ కోర్సు. చేతిపని చేసిన కులానికి లెక్కపుస్తకం అందకుండ చేసిందే ఈ దేశపు వర్ణ వ్యవస్థ. కనుక ఈ చదువు మన పిల్లలు అడగడం సోకు కాదు, హక్కు.

ఈ దారి మొదట తొక్కింది మన బాబాసాహెబే. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. 1915లో ఎం.ఏ. అయ్యిండు. ఆయన అప్పుడు రాసిన వ్యాసాలలో ఒకటి ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల గురించి. అంటే దేశాన్ని మింగిన విదేశీ వ్యాపార కంపెనీ ఖాతా పుస్తకాలను ఒక మహర్ పిల్లవాడు తిరగేసిండు. తర్వాత లండన్ పోయిండు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయిందని 1917లో చదువు సగంల ఆపి రావాల్సి వచ్చింది. బరోడాలో కొలువుకు పోతే అద్దెకు ఇల్లు దొరకలే, పారసీ సత్రం నుంచి వెళ్లగొట్టిన్రు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టుకొని, కొల్హాపూర్ సాహు మహారాజు సాయం తీసుకొని, 1920లో మళ్లీ లండన్ పోయిండు. 1923లో రూపాయి సమస్య మీద రాసిన గ్రంథానికి డి.ఎస్సీ. పట్టా సాధించిండు. 1953 జనవరి 12న ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన పిల్లలు రోజూ ఆ క్యాంపస్ రోడ్డు మీదనే నడుస్తున్నరు.

ఆయన కథలో మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. అంతటి మేధావి చదువు కూడా పైసల గడువు దగ్గరనే ఆగింది. తెలివికి కొదవ లేదు, జామీను లేదు. నూరేళ్లు దాటినంక కూడా మన పిల్లల కథ అక్కడనే ఉన్నది. ఎట్లనో చెప్తం.

సర్కారు పథకాలు లేవా అంటే ఉన్నయి. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉన్నది. మేనేజిమెంటు, అంతర్జాతీయ వాణిజ్యం దాని కిందికి వస్తయి. కానీ దేశం మొత్తానికి సీట్లు 125. అందులో 30 శాతం ఆడపిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటొద్దు, డిగ్రీలో 60 శాతం రావాలె, వయసు 35 లోపుండాలె, క్యూఎస్ జాబితాలో మొదటి 500 లోపు యూనివర్సిటీలో సీటు దొరకాలె. ఇన్ని గీతలు దాటినంక 2025 జులైలో ఏం జరిగిందో పేపర్లల్ల చూసిన్రు. 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలిచ్చిన్రు. మిగిలినోళ్లకు నిధులుంటే ఇస్తమన్నరు. సెప్టెంబరులో క్లాసులు మొదలైతయి. నిధులుంటే అన్న మాట పట్టుకొని పిల్ల విమానం ఎట్లెక్కుతది?

రాష్ట్రానికి వస్తే, 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి మొదలైంది. అప్పుడు 10 లక్షలు. తెలంగాణ వచ్చినంక 20 లక్షలు చేసిన్రు, ఒకవైపు విమానం టికెటు, వీసా ఫీజు అదనం. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో బాబాసాహెబ్ పేరు తీసేసి ముఖ్యమంత్రి పేరు పెట్టిన్రు, ప్రపంచంల మొదటి 200 యూనివర్సిటీలకే ఇస్తమన్నరు. పేరు పోవడం అవమానం. గీత పైకి జరపడం అంతకన్నా పెద్ద దెబ్బ.

ఇక అసలు ముడి. తెలంగాణ పథకంల పైసలు రెండు దఫాలుగా వస్తయి. విద్యార్థి ఆ దేశంల దిగి కాగితం పంపినంక మొదటి దఫా, మొదటి సెమిస్టరు మార్కులు చూపినంక రెండో దఫా. కానీ వీసా ఇచ్చే ఆఫీసరు ఏమంటడు? ముందు పైసలు చూపు అంటడు. బ్రిటన్ రూలు ప్రకారం మొదటి ఏడాది ఫీజు, దాని మీద 9 నెలల ఖర్చు, బ్యాంకు ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండ ఉండాలె. సర్కారేమో దిగినంక ఇస్తమంటది, వీసా ఆఫీసరేమో చూపితేనే దిగనిస్తమంటడు. నడుమ ఎవడున్నడు? వడ్డీ వ్యాపారి ఉన్నడు.

మా బడిల చదివిన ఒక పిల్ల ఉన్నది. తండ్రి దినసరి కూలి, తల్లి ఇండ్లల్ల పాచిపని. డిగ్రీ ఫస్టు క్లాసుల పాసయ్యింది, ఐఈఎల్‌టీఎస్ రాసింది, ఇంగ్లండుల సీటొచ్చింది. ఒక కన్సల్టెన్సీ వాడు "28 రోజులు మీ ఖాతాల పైసలు మేమేస్తం, మూడు రూపాయల వడ్డీ, ఇంటి కాగితం మా దగ్గర పెట్టున్రి" అన్నడు. ఆ ఇల్లు తాత రైల్వే వర్క్‌షాపుల సుత్తె కొట్టి కట్టుకున్నది. తల్లి సంతకం పెడతనన్నది. పిల్లనే వద్దన్నది. సీటు పోయింది. ఇట్ల పోయిన సీట్లు ఏ రిజిస్టరుల ఎక్కవు.

బ్యాంకుకు పోరాదా అంటరు. బ్యాంకుల మాదిరి పథకం ప్రకారం 4 లక్షల దాకా జామీను అడగొద్దు. ఏడున్నర లక్షలు దాటితే మాత్రం ఇల్లో, భూమో తాకట్టు పెట్టాలె. కొన్ని బ్యాంకులు పేరుమోసిన యూనివర్సిటీలకు మినహాయింపు ఇస్తయి, కానీ మనకు దొరికే సీట్లు ఎక్కువగ ఆ జాబితాల ఉండయి. తాకట్టు పెట్టడానికి మన దగ్గర ఏమున్నది? ఉన్నోళ్లకు ఉన్నది అసైన్డ్ భూమి. అమ్మడానికి కొనడానికి లేని భూమిని బ్యాంకోడు ఆస్తి కింద లెక్కగట్టడు. కనుక ఇది తెలివి పరీక్ష కాదు. ఎవని తాతకు పట్టా భూమి ఉన్నదో తేల్చే పరీక్ష.

ఇంకో లెక్క చూడున్రి. 2016లో డాలరు 67 రూపాయల చుట్టుపక్కల ఉండె. ఆ లెక్కన 20 లక్షలంటే దాదాపు 30 వేల డాలర్లు. 2025లో డాలరు 88 దాటింది. ఇప్పుడు అదే 20 లక్షలు 23 వేల డాలర్లు కూడ కావు. ఎవరూ జీవో తీయకుండనే, ఎవరూ సంతకం పెట్టకుండనే మన పిల్లల స్కాలర్‌షిప్‌ల 7 వేల డాలర్ల కోత పడ్డది. రూపాయి విలువ పడితే మొదట దెబ్బ తగిలేది పేదోనికే. బాబాసాహెబ్ రూపాయి మీద ఎందుకు పుస్తకం రాసిండో ఈ ఒక్క లెక్కతోటి తెలుస్తది. కేంద్ర పథకంల ఏడాది బతుకు ఖర్చు డాలర్లల్ల, పౌన్లల్ల లెక్కగడుతరు. రాష్ట్రం కూడా అట్లనే ఎందుకు లెక్కగట్టదు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇక మీకు నాలుగు మాటలు.

ఉచితంగ సలహా ఇస్తమనే ఏజెంటు ఉత్తగ ఏం చెప్పడు. మిమ్మల్ని చేర్పిస్తే యూనివర్సిటీ నుంచి కమిషను వస్తది. అందుకే మీకు పనికొచ్చే కాలేజీ చెప్పడు, కమిషనిచ్చే కాలేజీ చెప్తడు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతబడితే మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు కట్టిన్రు. 2019లో ఫార్మింగ్టన్ అని అమెరికా సర్కారే దొంగ యూనివర్సిటీ పెట్టి వల పన్నితే, పట్టుబడిన 130 మందిలో 129 మంది మన దేశపోళ్లు, అందుల ఎక్కువమంది తెలుగోళ్లు.

కోర్సు పేరు చూసి మోసపోకున్రి. అమెరికాలో చదువైనంక పని చేసుకునే అనుమతి మామూలు బిజినెస్ కోర్సుకు 12 నెలలే. సైన్సు, టెక్నాలజీ కింద లెక్కగట్టే కోర్సుకు ఇంకో 24 నెలలు కలుస్తయి. ఒక ఏడాదిల 30 లక్షల అప్పు తీరదు. జర్మనీల ప్రభుత్వ యూనివర్సిటీలల్ల చాలా చోట్ల ట్యూషను ఫీజు లేదు. కానీ ఏడాది ఖర్చు కింద దాదాపు 12 వేల యూరోలు ముందే ఖాతాల వేసి చూపాలె. అక్కడ కూడ అదే ముడి. ఇదే విద్య మన దేశంల నేర్పడానికి కేంద్రం 1963లో పెట్టిన విదేశీ వాణిజ్య సంస్థ ఢిల్లీల ఉన్నది, 2022 నుంచి కాకినాడల కూడ క్యాంపస్ ఉన్నది. రిజర్వేషను ఉన్నది. ఉస్మానియాల కామర్సు, బిజినెస్ మేనేజిమెంటు కాలేజీ ఉన్నది. ముందు వీటిని తూకమేసి చూడున్రి.

అక్కడ కులం ఉండదనుకోకున్రి. తార్నాకల గది అడిగితే "మీరేమిట్లు?" అని అడిగినట్టే అక్కడి తెలుగోళ్ల ఫ్లాట్లల్ల కూడ ఇంటిపేరు అడుగుతరు. కులం లేకపోతే 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ నిబంధనలల్ల కులం అనే మాట ఎందుకు చేర్చినయి? 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టమెందుకు చేసింది? మనోళ్లు అక్కడ కూడ కొట్లాడిన్రు కనుక. పోయే ముందు ఆ యూనివర్సిటీ నిబంధనల కులం మాట ఉన్నదో లేదో చూసుకొని పోన్రి.

సంఘం కార్యకర్తలారా, పని మనది. సర్కారును మూడు అడగాలె. ఒకటి, మొదటి దఫా ఫీజు వీసాకు ముందే నేరుగా యూనివర్సిటీకి కట్టాలె. జామీను సర్కారే ఉండాలె, తల్లి పుస్తెలు కాదు. రెండు, మొత్తాన్ని డాలరుతోటి, పౌనుతోటి ముడిపెట్టాలె. మూడు, ఎంపికైనోళ్ల జాబితా, మంజూరైన తేదీ, పైసలు పడ్డ తేదీ ప్రతి జిల్లా ఎస్సీ సంక్షేమ ఆఫీసు బోర్డు మీద రాయాలె. రాయకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మనమే దరఖాస్తు పెట్టి రాయిద్దాం.

ప్రతి కమ్యూనిటీ హాలుల ఒక రిజిస్టరు పెట్టున్రి. ఎవరు దరఖాస్తు పెట్టిన్రు, ఎక్కడ ఆగింది, ఏ కాగితం తక్కువైంది రాయున్రి. ఆదాయం సర్టిఫికెటు, కులం సర్టిఫికెటు, పాస్‌పోర్టు డిగ్రీ రెండో ఏడుల ఉన్నప్పుడే తీయించున్రి. సీటొచ్చినంక తహసీలు ఆఫీసు చుట్టు తిరిగితే పుణ్యం లేదు. పోయొచ్చినోళ్లు ఏడాదికి ఇద్దరికి దారి చూపాలె. అది దయ కాదు, బాకీ.

లందల తోలు పదును చేసిన చేతుల మనవరాలు ఆ తోలు ధర తేల్చే బల్ల కాడ కూసోవాలె. జామీను లేదని ఇంకొక్క సీటు కూడ పోవద్దు. వచ్చే ఆదివారం ఇదే హాలుల రిజిస్టరు తెరుస్తం. పిల్లలను, కాగితాలను తీసుకొని రాన్రి.

జై భీమ్.