నిష్కి బజారులో నేర్చుకున్న పాఠం

 

జపాన్ వెళ్లొచ్చావు కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. బుల్లెట్ రైలు గురించి అనుకున్నారేమో! నేను చెప్పేది క్యోటో నగరంలోని నిష్కి బజారు గురించి.

ఇరుకైన వీధి. పొడవు సుమారు 390 మీటర్లు. రెండు వైపులా వందకు పైగా దుకాణాలు. ఊరవేసిన ముల్లంగి, సోయాపాల మీగడ, ఎండుచేపలు, టీ ఆకులు. అక్కడ నేలలో చల్లటి నీళ్లు ఊరతాయి. ఐసు లేని కాలంలో చేపలు చెడకుండా కాపాడింది ఆ నీళ్లే. 1615 నాటికే చేపల వ్యాపారానికి ప్రభుత్వ అనుమతి ఉంది.

పుల్లకు గుచ్చిన అట్టుముక్క కొని తింటూ నడవబోయాను. దుకాణంలో పెద్దావిడ చేత్తో ఆపి, అక్కడే నిలబడి తినమని సైగ చేసింది. నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదట. మన మాస్టార్లు గుర్తొచ్చారు.

ఆ బజారులో 1716లో ఒక కూరగాయల వర్తకుడికి కొడుకు పుట్టాడు. పేరు ఇతో జకుచూ. నలభై ఏళ్లకు కొట్టు తమ్ముడికి అప్పగించి, గొప్ప చిత్రకారుడయ్యాడు. 1771లో పోటీ బజారువాళ్ల ఎత్తులవల్ల నిష్కి మూతపడే స్థితి వస్తే, అధికారుల చుట్టూ తిరిగి 1774లో దాన్ని నిలబెట్టాడు. బుద్ధుని నిర్యాణాన్ని ఆయన చిత్రించిన తీరు చూడండి: బోర్లించిన బుట్టమీద బుద్ధుడికి బదులు ముల్లంగి, చుట్టూ విలపించే కూరగాయలు!

ఆ బుట్ట దగ్గర నా మనసు ఆగిపోయింది.

మా నాన్న ఈ ఊరి సంతలో కూరగాయలు అమ్మేవాడు. సంతరోజున బడి వదిలాక, స్నేహితులు చూస్తారని నేను పక్కసందులోంచి ఇంటికి పోయేవాణ్ణి. నాన్నకు తెలుసు. ఒక్కరోజూ అడగలేదు. ఆ బుట్టే నాకు ఫీజు కట్టింది. ఈ మాట ఆయనతో చెప్పకుండానే ఆయన వెళ్లిపోయాడు.

నిష్కి బజారు తూర్పు కొసన చదువుల దేవుడిగా కొలిచే మిచిజానె గుడి ఉంది. మన సంతా, బడీ కూడా పక్కపక్కనే కదా!

మాస్టార్లకు ఒక్క మనవి. మీ తరగతిలో ఇప్పటికీ పక్కసందులోంచి ఇంటికి పోయే పిల్లవాడు ఒకడుంటాడు. వాడికి ఆ ముల్లంగి బొమ్మ చూపించండి.

సెలవు.