మన డబ్బు మన చేతికి అందాలంటే

(విదేశీ సదస్సులకు వెళ్లే మహిళా కార్యకర్తల సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ పాస్‌పోర్టు గురించి, వీసా గురించి, సదస్సులో మనం పెట్టబోయే డిమాండ్ల గురించి మాట్లాడుకున్నాం. డబ్బు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఇది మనకు కొత్త కాదు. ఇంట్లోనూ అంతే, సంస్థల్లోనూ అంతే. "డబ్బు వ్యవహారాలు వాళ్లు చూసుకుంటారులే" అనుకోవడం చిన్నప్పటి నుంచీ మనకు నేర్పిన పాఠం. అందుకే నాకిచ్చిన సమయాన్ని ఒక్క విషయానికే వాడుకుంటాను. పరాయి దేశంలో ఏటీఎం నుంచి డబ్బు తీస్తే ఎక్కడెక్కడ కోత పడుతుంది? దాన్ని ఎలా తగ్గించుకోవాలి?

కోతలు మూడు. మొదటిది మన బ్యాంకు రుసుము. విదేశంలో డబ్బు తీసిన ప్రతిసారీ చాలా బ్యాంకులు 100 నుంచి 150 రూపాయల దాకా పట్టుకుంటున్నాయి. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ అదనం. రెండోది కరెన్సీ మార్పిడి పేరుతో తీసుకునేది. చాలా కార్డులకు ఇది తీసిన మొత్తంలో 3.5 శాతం దాకా వుంటుంది. అంటే పదివేలు తీస్తే 350 రూపాయలు. మూడోది ఆ దేశపు ఏటీఎం వేసే రుసుము.

మనవాళ్లు తరచుగా వెళ్లే థాయిలాండ్‌నే తీసుకోండి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డు మీద ఒక్కోసారికి 200 బాట్లకు పైనే వసూలు చేస్తాయి. లెక్క కోసం 220 అనుకుందాం. దొంగల భయంతో రోజుకు వెయ్యి బాట్ల చొప్పున అయిదు రోజులు తీశామంటే ఆ మిషనుకే 1100 బాట్లు పోతాయి. మన బ్యాంకు కూడా అయిదుసార్లు రుసుము వేస్తుంది. అదే అయిదువేలూ ఒకేసారి తీస్తే మిషనుకు 220, మన బ్యాంకుకు ఒక్క రుసుము. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లినప్పుడు ఒకరే అందరి కోసం తీసి, పొదుపు సంఘంలో రాసుకున్నట్టే పుస్తకంలో రాసి పంచుకోవచ్చు. ఈ పద్ధతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక నాలుగో కోత ఒకటుంది. అది మనం ఒప్పుకుంటేనే పడుతుంది. డబ్బు వచ్చే ముందు మిషను ఒక ప్రశ్న వేస్తుంది: మీ ఖాతాలో రూపాయల్లో తగ్గించమంటారా, స్థానిక కరెన్సీలోనా? రూపాయలంటే మనకు తెలిసినవి కదా అని చెయ్యి అటే పోతుంది. కానీ ఆ రూపాయల రేటు నిర్ణయించేది మిషను వాళ్లు. తమ లాభం కలుపుకునే నిర్ణయిస్తారు. కాబట్టి ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. తెర మీద 'వితవుట్ కన్వర్షన్' అని వుంటే అది నొక్కాలి. మార్పిడిని కాదంటే డబ్బే రాదేమోనని భయపడవద్దు. సాధారణంగా లావాదేవీ స్థానిక కరెన్సీలో సాగుతుంది. దుకాణాల్లో కార్డు గీసేటప్పుడు కూడా ఇదే ప్రశ్న రావచ్చు. జవాబు కూడా ఇదే.

బయల్దేరే ముందు చేయాల్సినవి కొన్ని వున్నాయి. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మొదట మన దేశంలోనే పనిచేస్తాయి. విదేశంలో వాడకానికి అనుమతిని మనమే బ్యాంకులో చెప్పిగానీ ఫోనులోగానీ పెట్టుకోవాలి. తిరిగొచ్చాక తీసేయాలి. గ్రామాల్లో మన సభ్యుల దగ్గరున్న జన్‌ధన్ ఖాతాల రూపే కార్డుల్లో చాలావాటిని దేశంలో వాడకానికే ఇచ్చారు. అలాంటి కార్డుతో విమానం ఎక్కితే దిగిన చోట అక్కరకు రాదు. వాళ్లకు విదేశీ కరెన్సీ నింపిన ప్రీపెయిడ్ కార్డు ముందుగానే తీసి ఇవ్వాలి. ఆ దేశపు కరెన్సీయే నింపితే మార్పిడి కోత తప్పుతుంది. డాలర్లు నింపి బాట్లు తీస్తే మళ్లీ కోత పడవచ్చు. మొదటి రెండు రోజులకు సరిపడా నోట్లు ఇక్కడే మార్చుకోవడం మంచిది. సాధారణంగా ఒక ప్రయాణానికి 3000 డాలర్ల దాకా నోట్ల రూపంలో తీసుకుపోవచ్చు. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయకండి. రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇంత చిన్న లెక్కలు హక్కుల సమావేశంలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నేను వెళ్లిన ఒక సదస్సులో గ్రామాల నుంచి వచ్చిన అక్కల రోజు ఖర్చులన్నీ వాళ్లను తీసుకొచ్చిన సంస్థ ప్రతినిధి సంచిలోనే వున్నాయి. "కార్డులతో మీకు తంటా" అని ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. వాళ్లలో ఒకామె శానిటరీ ప్యాడ్లు కొనుక్కోవడానికి ఆ మగమనిషి దగ్గర చెయ్యి చాపాల్సి వచ్చింది. స్త్రీల ఆర్థిక స్వాతంత్ర్యం గురించి వేదిక మీద మాట్లాడవలసిన మనిషి ఆమె.

ఇందులో సంస్థల బాధ్యత పెద్దది. రోజు ఖర్చుల డబ్బు ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి. బ్యాంకు రుసుములను ప్రయాణ ఖర్చుగానే బడ్జెట్లో చూపించాలి. రసీదు లేదన్న పేరుతో అకౌంట్ల విభాగం ఆ కోతను కార్యకర్త నెత్తిన రుద్దడం అన్యాయం. ఏటీఎం చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు రెండూ దాచుకుని బిల్లు పెట్టండి. సిగ్గుపడకండి.

బ్యాంకును అడగడానికీ మొహమాటపడవద్దు. ఏ సేవకు ఎంత తీసుకుంటారో ముందుగా తెలుసుకోవడం ఖాతాదారుగా మన హక్కు. "మేడమ్, అదేం పెద్ద ఖర్చు కాదు" అంటే ఒప్పుకోకండి, కాగితం మీద చూపించమనండి. చెప్పని కోత పడితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

ఈ మధ్యాహ్నం భోజనాల తర్వాత ప్రతి ఒక్కరూ తమ కార్డు బయటికి తీసి, అది విదేశంలో పనిచేస్తుందో లేదో, రుసుమెంతో బ్యాంకుకు ఫోను చేసి కనుక్కోవాలని కోరుతున్నాను. పిన్ నంబరు మీకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఇంట్లోవాళ్లకైనా సరే.