మందకు ఎడంగా నిలబడ్డ పశువు
(పశుపోషకుల శిక్షణ తరగతిలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించీ దాణా ధర గురించీ మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుతూనే ఉన్నాం. ఈ పూట మాత్రం జబ్బు చేసిన పశువు ఎట్లా ప్రవర్తిస్తుంది, దాని పక్కనున్నవి ఎట్లా ప్రవర్తిస్తాయి అన్నది మాట్లాడుకుందాం. ధరలు వదిలి ఈ ముచ్చటేమిటని అనుకోకండి. పాలకు ధర రావాలంటే ముందు గేదె బతికుండాలి కదా.

మందలో జబ్బు చేసినదాన్ని ఎట్లా గుర్తుపడతావని గొర్రెల కాపరిని అడిగి చూడండి. "వెనకబడింది", "చెవులు వేలాడేసింది", "ఒంటిగా నిలబడింది" అంటాడు. దగ్గో పారుడో మొదలయ్యేదాకా అతను ఆగడు. జీవం ఒంటిని చూడడానికి ముందే, అది తోటి జీవాలతో ఎట్లా మెలుగుతున్నదో చూస్తాడు. తాతల నాటి ఈ చూపునే ఇప్పుడు శాస్త్రవేత్తలు కొలతలు పెట్టి పరీక్షిస్తున్నారు.

1988లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. జ్వరం, మేత మానడం, మగతగా పడి ఉండడం, ఇవన్నీ జబ్బు వల్ల వచ్చిన నీరసం మాత్రమే కావని, జబ్బుతో పోరాడడానికి శరీరం పట్టే పద్ధతి అని ఆయన వివరించారు. ఒళ్ళు వేడెక్కాలంటే చాలా శక్తి కావాలి. ఆ శక్తిని తిరగడానికీ, కుమ్ములాటకూ ఖర్చుపెట్టకుండా పశువు దాచుకుంటుంది. అట్లాంటి దాన్ని పట్టుకుని "బద్ధకం చేస్తోంది" అంటూ ముల్లుకర్రతో పొడిచి లేపి తోలుకుపోయిన రోజులు మనందరికీ ఉన్నాయి. మాకూ ఉన్నాయి.

ఈ పక్కకు జరగడం ఎంత బలమైనదో గబ్బిలాల మీద జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో రక్తం తాగే గబ్బిలాలు ఉంటాయి. ఒక బోలు చెట్టులో ఉండే 31 ఆడ గబ్బిలాలను పట్టి, వాటిలో దాదాపు సగానికి బాక్టీరియా పొరలోని ఒక పదార్థాన్ని సూదిమందుగా ఇచ్చారు. అది రోగం కాదు, ఎవరికీ అంటదు, కొన్ని గంటలపాటు ఒంట్లో జబ్బు చేసినట్టు చేస్తుంది, అంతే. మిగతావాటికి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించారు. ఏది ఎవరి దగ్గరకు వెళ్తున్నదో తెలియడానికి వీపులకు చిన్న పరికరాలు అంటించి వదిలారు. నలతగా ఉన్నవి తక్కువ గబ్బిలాలతో, తక్కువసేపు కలిశాయి. 2020లో ఈ ఫలితాలు వచ్చాయి. వాటిని ఎవరూ తరమలేదు. తోటివాటి కోసం త్యాగం చేశాయని పొగడాల్సిన పనీ లేదు. ఒంట్లో బాగాలేనప్పుడు ఎడంగా ఉండడం ప్రాణికి సహజంగా వచ్చే పని, దానివల్ల రోగం పాకే దారి కూడా ఇరుకవుతుంది.

ఇక ఆరోగ్యంగా ఉన్నవాటి సంగతి. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో ముళ్ళ లాబ్‌స్టర్లు, అంటే పెద్ద సముద్రపు రొయ్యల వంటివి, బండల సందుల్లో కలిసి కాపురం ఉంటాయి. వాటిలో ఒకదానికి ఒక రకం వైరస్ సోకితే మిగతావి ఆ సందులో చేరవు. విచిత్రం ఏమిటంటే, సోకినది ఇంకా ఇతరులకు అంటించే దశకు రాకముందే అవి దూరం పెడుతున్నాయని 2006లో బయటపడింది.

చీమల కథ మనకు ఇంకా దగ్గరిది. కొబ్బరిలో కొమ్ము పురుగు మీద మనం వాడే మెటారైజియం శిలీంధ్రం తెలుసు కదా, అదే జాతి శిలీంధ్రాన్ని నల్ల చీమల గూళ్ళలో బయటికి తిరిగి మేత తెచ్చే కొన్ని చీమలకు తగిలించారు. ప్రతి చీమకూ గుర్తు బిళ్ళ అంటించి కంప్యూటరుతో కనిపెట్టారు. ఒక్క రోజులోనే, వాటికి జబ్బు ముదరకముందే, గూటి నడక మారింది. శిలీంధ్రం తగిలినవి లోపలి వాటితో కలవడం తగ్గించాయి. తగలనివి కూడా తమ తిరుగుడు మార్చుకున్నాయి. రాణికీ, పిల్లలను సాకే చీమలకూ ప్రాణం తీసేంత మోతాదు చేరడం తగ్గింది. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ఇది.

అయితే ప్రాణులన్నీ అన్నివేళలా దూరం పాటిస్తాయని అనుకుంటే మోసపోతాం. ఆఫ్రికాలోని గాబన్ అడవుల్లో మాండ్రిల్ కోతులు, కడుపులో పరాన్నజీవులున్న తోటి కోతికి పేలు చూడడం మానేస్తాయి. మందు వేసి నయం చేశాక మళ్ళీ దగ్గరకు తీస్తాయి. కానీ తల్లి వైపు దగ్గరి చుట్టమైతే జబ్బున్నా వదలవు. ఆ గబ్బిలాల్లోనూ తల్లులు నలతగా ఉన్న పిల్లలను నాకడం మానలేదు. పేగు బంధం ముందు రోగ భయం నిలబడదు.

మన కొట్టంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆవు ఈనగానే దూడను నాకుతుంది. అది లేకపోతే దూడ బతుకు కష్టం. కానీ బ్రూసెల్లోసిస్ ఉన్న ఆవు ఈసుకుపోయినప్పుడు, పడిన పిండాన్నీ మాయనూ అదీ నాకుతుంది, పక్క పశువులూ వచ్చి వాసన చూసి నాకుతాయి. ఆ మురికిలోనే రోగం ఉంటుంది. మంచి గుణమే అక్కడ రోగానికి దారి. ఆ మాయను ఒట్టి చేతులతో ఎత్తే మనిషికీ ఈ రోగం వస్తుంది. మన ఇళ్ళలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే కాబట్టి అక్కలకు మరీ మరీ చెబుతున్నాం: చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

బీట్లో మేసే గొర్రె పెంటికలు పడ్డ చోట గడ్డి ముట్టదు, పక్క గడ్డికి పోతుంది. పేడ చుట్టూ గడ్డి గుబురుగా మిగిలిపోవడం మీరూ చూసే ఉంటారు. నట్టల గుడ్లూ పిల్లలూ ఉండేది అక్కడే. కానీ బీడు భూములు పోయి, ఉన్న ఎకరంలోనే రెండు మందలు మేస్తే అది ఏ పక్కకు పోతుంది? గేదె ఎడంగా నిలబడదామన్నా మెడలో పలుపు ఉంది. పక్కదాని ముట్టె తగలకుండా నీళ్ళు తాగుదామన్నా కుడితి తొట్టి ఒక్కటే. సంతలో అయితే నాలుగు జిల్లాల పశువులు ఒకే తొట్టిలో మూతి పెడతాయి. దూరం జరిగే తెలివి పశువుకు ఉంది. దూరం జరగడానికి చోటు లేకుండా చేసింది మన కట్టుగొయ్య, మన పేదరికం, మన సంతలు నడిపేవాళ్ళ నిర్లక్ష్యం.

2022లో ముద్దచర్మ వ్యాధి దేశమంతా తిరిగింది. లక్షకు పైగా పశువులు పోయాయి. మా కార్యకర్త ఇంట్లో రెండు ఆవులు, ఒక దూడ, ఒకటే కొట్టం. పెద్దావు సాయంత్రం మేత వదిలి గోడకు తల ఆనించి నిలబడిందట. అలసట అనుకున్నారు. రెండో రోజుకు బుడిపెలు కనిపించాయి. వేరుగా కట్టడానికి వీధి తప్ప చోటు లేదు. వీధిలో కడితే పక్కింటివాళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళ తప్పూ లేదు. చివరకు దూడ దక్కలేదు. ఆ వ్యాధి ఎక్కువగా కుట్టే ఈగలు, దోమలు, పిడుదుల ద్వారా పాకుతుంది కాబట్టి వేరుగా కట్టినంత మాత్రాన ఆగదు. టీకా ఉండాలి, ఈగల బెడద తగ్గాలి. కానీ ఆ మొదటి సాయంత్రాన్ని గుర్తించి ఉంటే అని ఆయన ఇప్పటికీ అంటుంటారు.

ఆ మొదటి సాయంత్రం విలువ ఎంతో గాలికుంటు మీద చేసిన ఒక పరిశోధన చెబుతుంది. 2011లో ఇంగ్లండులో కొద్ది పశువులతో చేసిన ప్రయోగంలో, జబ్బు లక్షణాలు కనిపించిన సుమారు పూట తర్వాతే పశువు ఇతరులకు అంటించడం మొదలైంది. అంటించే కాలం కూడా సగటున రెండు రోజులలోపే. తక్కువ పశువుల మీద జరిగింది కాబట్టి దీన్ని వేదం అనుకోవద్దు. అయినా చొంగ కారేదాకా ఆగకుండా, కనిపెట్టిన గంటలోనే వేరు చేస్తే లాభం ఉందని తెలుస్తోంది. కెనడాలో పాల ఆవులను కనిపెట్టి చూస్తే, ఈనిన తర్వాత గర్భసంచి వాపు తీవ్రంగా వచ్చిన ఆవులు, ఈనడానికి ముందు వారంలోనే మేత తక్కువ తిన్నాయి, గాడి దగ్గర పోట్లాటలు తగ్గించాయి. గాడి దగ్గర రోజూ కుమ్మే గేదె ఒకరోజు సాధువైతే సంతోషించకండి, థర్మామీటరు పెట్టండి. నెమరు వేస్తున్నదో లేదో చూడండి. 1962కు ఫోను చేయండి.

ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి పోట్లాటకు దిగి, గొంతు మారి అరుస్తూ, చొంగ కారుస్తుంటే, గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క కరిచిన పశువు అట్లాగే చేస్తుంది.

కొత్త జీవాలను కొనుక్కొచ్చినప్పుడు మూడు వారాలు విడిగా ఉంచమని డాక్టర్లు చెబుతారు. మంచి మాటే. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో పార్లమెంటు చేసిన చట్టం కూడా, జబ్బు అనుమానం వస్తే పంచాయతీకి తెలపడం, పశువును వేరు చేయడం యజమాని బాధ్యత అంటుంది. సరే, మన బాధ్యత మనం కాదనం. రెండు సెంట్ల ఇంట్లో వేరు చేసే చోటు ఎక్కడ? జబ్బు సంగతి చెప్పగానే పాలు పోసుకోరు, సంతకు రానివ్వరు, మరి ఆ నెల గడిచేదెట్లా? దాచిపెట్టే రైతును తిట్టడం తేలిక. చెప్పినవాడు నష్టపోని ఏర్పాటు చేయడమే ప్రభుత్వం పని.

అందుకే మూడు అడుగుతున్నాం. ఊరికొక చోట, పంచాయతీ ఖాళీ జాగాలో, జబ్బు పశువులకు రేకుల కొట్టం, విడి తొట్టి. సంత గేటు దగ్గర పశువైద్య సిబ్బంది, సంతలో ఊరూరి పశువులకు వేరు వేరు నీటి తొట్లు. ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టుల భర్తీ, జబ్బు తెలిపిన రైతుకు ఆ రోజుల పాల నష్టపరిహారం.

గ్రామ కమిటీలు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊళ్ళో ఒకే కొట్టం ఉన్న ఇళ్ళెన్ని, విడిగా కట్టడానికి పనికొచ్చే పంచాయతీ జాగా ఎక్కడుంది, సంతలో తొట్లెన్ని, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. వినతిపత్రంతో పాటు ఆ కాగితాలే ఇస్తాం.